ఎనిమిదిన్నరకి సగం దిగే షట్టర్

సెలూనాయన గురించి ఆ వీధిలో ఒక మాట పుట్టింది. పుట్టింది ఎక్కడైనా, పెరిగింది మాత్రం ఆయన సెలూన్‌లోనే. ఆయన కుర్చీల్లో కూర్చుని, ఆయన కొన్న పేపరు చదువుతూ, ఆయన లేని ఇరవై నిమిషాల్లో దాన్ని ముద్దుగా పెంచారు.

రోజూ ఉదయం సరిగ్గా ఎనిమిదిన్నరకి ఆయన చేతిలో పని ఆపేస్తాడు. కుర్చీలో మనిషి ఉంటే, "కూర్చోండి, ఇరవై నిమిషాల్లో వచ్చేస్తా" అంటాడు. మనిషి లేకపోతే అదీ అనడు. కటింగ్ అయ్యాక మెడ వెనకాల పట్టి చూపించే గుండ్రటి చేతి అద్దం ఒకటుంది. దాన్ని కొక్కెం మీంచి తీసి చంకలో పెట్టుకుంటాడు. షట్టర్ సగానికి దించి, దాని కింద నుంచి వంగి బయటపడి, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటివైపు నడుస్తాడు. నడక కాదు, ఇంచుమించు పరుగే.

"ఆఫీసులకి పోయేవాళ్ళంతా గడ్డాలకి వచ్చే టైము. బుర్ర ఉన్నవాడెవడైనా ఇప్పుడు కొట్టు మూస్తాడా?" అన్నాడు మందుల షాపాయన.

"ఇంట్లో నిప్పంటుకుంటే మూయడా?" అన్నాడు పేపరు తాత. రోజూ పేపరు కోసమే సెలూన్‌కి వచ్చే పెద్దాయన ఆయన. వారానికి రెండుసార్లు గడ్డం చేయించుకుంటాడు, మిగతా రోజులు ఊరికే వస్తాడు.

"నిప్పేంటి తాతా?"

"వీళ్ళ ఇంటి మీద గదిలో ఎవరున్నారు? లిఫ్టు మెకానిక్. పెళ్ళీ పెటాకులూ లేనివాడు. కింద ఎవరున్నారు? ఈయనగారి భార్య. ఇంకా విప్పి చెప్పాలా నాయనా, చిన్నపిల్లాడిలా అడుగుతావు!"

"మరి ఆ అద్దం ఎందుకు?"

పేపరు తాత పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ ప్రశ్న కోసమే ఇంతసేపూ కాచుకున్నట్టు గొంతు తగ్గించాడు. "గోడ మలుపులో నిలబడి అద్దం కాస్త చాపితే, మనం కనపడకుండా అటు పక్క ఏం జరుగుతోందో కనిపించదూ? వాడికి తెలివి లేదనుకోకండి. అనుమానం వచ్చిన మగాడికి ఎక్కడలేని తెలివీ వస్తుంది."

అందరూ అద్దంలో ఒకరి మొహాలు ఒకరు చూసుకుని తలలు ఊపారు.

ఇందులో ఒక ముక్క నిజమే. సెలూనాయన అసూయతో ఉడికిపోయిన మాట నిజం. లిఫ్టు మెకానిక్ మీదే ఉడికిపోయాడు. కాకపోతే అది భార్య గురించి కాదు. పళ్ళ గురించి.

* * *

సెలూనాయన పద్నాలుగో ఏట దువ్వెన పట్టాడు. మేనమామ సెలూన్‌లో రెండేళ్ళు తువ్వాళ్ళు ఉతికి, మూడో ఏట కత్తెర అందుకుని, ఆ మీద సొంతంగా ఈ రెండు కుర్చీల కొట్టు పెట్టి ఇరవై రెండేళ్ళు నిలబడ్డాడు. నిలబడ్డాడు అంటే నిజంగా నిలబడ్డాడనే. పిక్కల మీద నరాలు తాళ్ళలా తేలాయి. మాట తక్కువ. నోట్లో నాలుక లేదు, ఉన్నదంతా వేళ్ళలోనే ఉంది అని ఆయన తల్లి నవ్వుతూ అనేది.

ఆ వేళ్ళంటే ఆయనకి లోపల్లోపల చాలా గర్వం. ఎందుకుండదు? ఆఫీసర్లు, పోలీసులు, ఎదుటివాడిని నిలబెట్టి మాట్లాడేవాళ్ళు, అందరూ ఆయన ముందు తలవంచుకుని కూర్చునేవాళ్ళే. గడ్డం కింద రెండు వేళ్ళు ఆనిస్తే చాలు, తల ఆయన తిప్పిన వైపు తిరిగేది. ఏడాది పిల్లలు ఏడవకుండా కటింగ్ చేయించుకునేది కూడా ఆ చుట్టుపక్కల ఆయన దగ్గరే. పొరుగు వీధుల నుంచి తల్లులు ఎత్తుకొచ్చేవాళ్ళు. "ఏం మంత్రం వేస్తావయ్యా!" అనేవాళ్ళు. ఆయన దువ్వెన తుడుచుకుంటూ చిన్నగా నవ్వేవాడు.

ఆలస్యంగా పెళ్ళయింది. ముప్ఫై ఎనిమిదో ఏట కొడుకు పుట్టాడు. గుండ్రంగా, నున్నగా ఉన్నాడని నాయనమ్మ వాడికి బుడంకాయ్ అని పేరు పెట్టింది. అసలు పేరు టీకాల కార్డులో ఉంది గానీ, ఇంట్లో ఎవరికీ దానితో పని పడలేదు.

పొద్దున్నే ఆరున్నరకి సెలూనాయన వెళ్ళేటప్పటికి బుడంకాయ్ నిద్రలో ఉండేవాడు. రాత్రి వచ్చేటప్పటికీ నిద్రలోనే ఉండేవాడు. వాడి ఇరవై రెండు నెలల బతుకులో తండ్రి వాడిని కళ్ళు తెరిచి ఉండగా చూసినవి వారానికో సెలవు రోజూ, కొన్ని మధ్యాహ్నాలూ. నిద్రపోతున్న కొడుకు పక్కన కూర్చుని వాడి జుట్టులో వేళ్ళు పెట్టి, ఎక్కడ ఎంత పెరిగిందో కొలుచుకోవడం ఆయనకి అలవాటు. జుట్టు గురించి ఆయనకి తెలియనిది లేదు. పళ్ళ గురించి ఆలోచన రాలేదు. వచ్చాయని విన్నాడు, సంతోషించాడు.

ఒక సెలవు రోజు ఆలస్యంగా లేచాడు. కిటికీ దగ్గరికి వచ్చేసరికి, మేడమెట్ల కింద కుళాయి దగ్గర కొడుకు కనిపించాడు.

ఆ ఇంట్లో కింద వీళ్ళూ, పైన ఒంటి గదిలో లిఫ్టు మెకానిక్కూ అద్దెకుంటారు. అందరికీ కుళాయి ఒకటే. దాని పక్కన గోడకి ఒక మేకు, ఆ మేకుకి జానెడు అద్దం. మెకానిక్ అరుగు మీద గొంతుక్కూర్చుని, నోటినిండా నురగతో పళ్ళు తోముకుంటున్నాడు. వాడి పక్కనే, వాడిలాగే గొంతుక్కూర్చుని, వాడి మోకాలంత ఎత్తున బుడంకాయ్. చేతిలో చిన్న ఆకుపచ్చ బ్రష్షు.

"ఈ..." అన్నాడు మెకానిక్.

"ఈ..." అన్నాడు బుడంకాయ్, పన్నెండు పళ్ళూ బయటపెట్టి.

"ఆ..."

"ఆ..."

నోరు గూడులా తెరుచుకుంది. లోపల కొత్తగా మొలిచిన దవడ పన్ను కూడా మెరిసింది. తండ్రి ఆ పన్నుని చూడటం అదే మొదటిసారి. పరాయివాడి కోసం తెరిచిన నోట్లో, కిటికీ ఊచల మధ్య నుంచి.

"రోజూ ఇంతేరా," అంది నాయనమ్మ వెనక నుంచి, మురిసిపోతూ. "వాడొచ్చి కూర్చుంటే వీడు పరిగెత్తుకుని వెళ్తాడు. మామ, మామ అని ఒకటే గోల."

"మామ ఏంటి?"

"మామే. వాడంతట వాడే పిలుస్తున్నాడు."

సెలూనాయనకి ఒళ్ళు చురుక్కుమంది.

* * *

మెకానిక్ పనికి వెళ్ళిపోయాక తండ్రి కుళాయి దగ్గరికి వెళ్ళాడు. బ్రష్షు కడిగి పేస్టు వేసి, కొడుకు ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఈ... అనరా నాన్నా."

బుడంకాయ్ పెదాలు బిగించాడు.

"ఆ... అను."

బుడంకాయ్ తల పక్కకి తిప్పేశాడు. తండ్రి ఆ పక్కకి వచ్చాడు. వాడు ఈ పక్కకి తిప్పాడు. ఇరవై రెండేళ్ళుగా ఎన్నో తలల్ని రెండు వేళ్ళతో తిప్పిన మనిషిని ఒక కొబ్బరికాయంత తల ఆడించింది. చివరికి వాడు బ్రష్షు మీద గట్టిగా కొట్టి, నాయనమ్మ చీర వెనక దూరాడు.

అమ్మకి నోరు తెరుస్తాడు, పాట పాడితే. నాయనమ్మకి తెరుస్తాడు, అరటిపండు చూపిస్తే. మేడమీదవాడికి ఏమీ అడక్కుండానే తెరుస్తాడు. తెరవనిది ఒక్క కన్నతండ్రికే.

ఆ రోజు నుంచి సెలూనాయనకి మెకానిక్ తాలూకు ప్రతిదీ కంట్లో నలుసైంది. వాడి నవ్వు, వాడి తెల్లటి పళ్ళు, మెట్లెక్కేటప్పుడు వాడి చెప్పుల చప్పుడు. సెలూన్‌లో ఎవరి గడ్డానికైనా నురగ పూస్తుంటే ఆ నురగలో వాడి మొహం కనిపించేది. లిఫ్టులు బాగుచేసేవాడికి పిల్లల సంగతి ఏం తెలుసు? పైకీ కిందకీ పోయే పెట్టెలు తప్ప వాడికేం తెలుసు? అలా అనుకుంటూ ఒక గుమాస్తా చెంప మీద అక్కర్లేని చోట రెండోసారి కత్తి లాగాడు. గుమాస్తా కళ్ళు తెరిచి, "ఏమైందన్నా?" అన్నాడు. "ఏం లేదు" అన్నాడు.

తరవాతి సెలవు రోజు సెలూన్‌లో వాడే తెల్ల గుడ్డ ఇంటికి తెచ్చాడు. కొడుకుని కుర్చీలో కూర్చోబెట్టి, మెడ చుట్టూ ఆ గుడ్డ కట్టి, చేతులు బయటికి రాకుండా చుట్టేశాడు. వాడు పెట్టిన కేకలకి పక్కింటివాళ్ళు కిటికీలు తెరిచారు.

ఆ మరుసటి వారం ఇంకో దారి పట్టాడు. మందుల షాపులో పిల్లల పేస్టు అడిగి, స్ట్రాబెర్రీ వాసన వేసేది తెచ్చాడు. మెకానిక్ వేసేది ఇంత పిసరు కదా, నేను బ్రష్షు పొడుగునా వేస్తాను, ఎవరిది బాగుంటుందో వాడే తేల్చుకుంటాడు అనుకున్నాడు. బుడంకాయ్ తేల్చుకున్నాడు. నోరు తెరిచాడు, పేస్టు మొత్తం నాకి మింగాడు, "ఇంకా" అన్నాడు. తండ్రి గుండె పొంగిపోయి ఇంకాస్త వేశాడు. మధ్యాహ్నానికి బుడంకాయ్ మంచం మీద గులాబీ రంగు వాంతి చేసుకున్నాడు.

మూడింటికి భార్య వచ్చింది. ఆవిడ బ్రెడ్డు ఫ్యాక్టరీలో ఓవెన్ దగ్గర పనిచేస్తుంది. జుట్టులోంచి ఇంకా కాలిన పిండి వాసన వస్తూనే ఉంది. దుప్పటి చూసింది, పేస్టు ట్యూబు చూసింది, మొగుడి మొహం చూసింది.

"ఎంత వేశావు?"

ఆయన బ్రష్షు పొడుగు చూపించాడు.

"రెండుసార్లా?"

ఆయన ట్యూబుకి మూత బిగించాడు.

"టీకాల నర్సమ్మ మొదటి పన్ను వచ్చినప్పుడే చెప్పింది నాకు. బియ్యపు గింజంత. అంతకి మించి వేయొద్దు, వీళ్ళకి ఉమ్మడం రాదు, మింగేస్తారు అంది. నన్నొక్క మాట అడగొచ్చుగా?"

"ఆ మెకానిక్ ఎంత వేస్తాడు?"

"వాడెక్కడ వేస్తాడు! నేనే పొద్దున్న వెళ్ళేముందు గింజంత రాసి పెట్టి వెళ్తాను. వాడి బ్రష్షు వాడిది, మనవాడి బ్రష్షు మనవాడిది." ఆవిడ ఆగి మొగుడి వైపు తేరిపార చూసింది. ఆమె పెదాల చివర నవ్వు కదిలింది. "ఓహో. ఇదా సంగతి. లిఫ్టు మెకానిక్ మీద కుళ్ళుకుంటున్నావా మనిషీ?"

"నాకేం పని?" అని ఆయన దుప్పటి పట్టుకుని కుళాయి దగ్గరికి పోయాడు. మేకుకి మెకానిక్ అద్దం వేలాడుతోంది. అందులో తన మొహం చూసుకుని ఇంకా మండిపడ్డాడు.

* * *

ఆ సాయంత్రం సెలూనాయన జీవితంలో మొదటిసారి ఒకరితో కటువుగా మాట్లాడాడు. మెట్ల దగ్గర మెకానిక్‌ని ఆపాడు.

"తమ్ముడూ, రేపట్నుంచి నువ్వు పైనే తోముకో. బకెట్టు పైకి తీసుకెళ్ళు."

మెకానిక్ బిత్తరపోయాడు. "ఎందుకన్నా? ఏమైనా తప్పు చేశానా?"

"తప్పేం లేదు. పిల్లాడికి నీళ్ళలో తడవడం అలవాటైపోతోంది."

తడవడం సాకేనని ఇద్దరికీ తెలుసు. "సరే అన్నా" అని మెకానిక్ తలవంచుకుని మెట్లెక్కాడు. మరుసటి రోజు నుంచి పైకి బకెట్టు మోసుకెళ్ళాడు. నాలుగు రోజులు బుడంకాయ్ కుళాయి దగ్గర గొంతుక్కూర్చుని మెట్ల వైపే చూస్తూ ఉన్నాడని నాయనమ్మ చెప్పింది. సెలూనాయన విన్నాడు గానీ విననట్టు ఉండిపోయాడు.

సెలవు రోజు వచ్చింది. ఈసారి గింజంతే వేశాడు. బ్రష్షు కొడుకు చేతికిచ్చి, "ఇక్కడే ఉండు" అని నీళ్ళ చెంబు కోసం లోపలికి వెళ్ళాడు. పది అడుగులు వెళ్ళడం, పది అడుగులు రావడం. అంతే.

తిరిగి వచ్చేసరికి బుడంకాయ్ అరుగు మీద లేడు. బ్రష్షు నోట్లో పెట్టుకుని, రెండు చేతులతో ఇనుప మెట్లు పట్టుకుని ఎక్కుతున్నాడు. మూడో మెట్టు మీద ఉన్నాడు. నోట్లో బ్రష్షు ఉండగానే "మామ" అనబోయాడు.

కాలు జారింది.

బోర్లా పడ్డాడు. ముందు అరుపు రాలేదు. ఆ రాకపోవడమే తండ్రి ప్రాణాలు తోడేసింది. పైనుంచి మెకానిక్ మూడు అంగల్లో దిగి వాడిని పైకి తీసి, బ్రష్షు నోట్లోంచి నెమ్మదిగా తప్పించాడు. అప్పుడు వచ్చింది ఏడుపు, దానితో పాటు రక్తం. తండ్రి కొడుకుని మెకానిక్ చేతుల్లోంచి లాక్కున్నాడు. అంత భయంలోనూ లాక్కున్నాడు. ఆ తరవాత చాలా రోజులు ఆయన్ని పొడిచింది ఆ లాక్కోవడమే.

క్లినిక్‌లో టీకాల నర్సమ్మే ఉంది. లైటు వేసి చూసింది. దవడ లోపల, బుగ్గకి గీరుకుంది. చల్లటి నీళ్ళు, మెత్తటి తిండి, నాలుగు రోజుల్లో మానిపోతుంది అంది.

"అదృష్టం. బుగ్గకి తగిలింది. తిన్నగా వెనక్కి వెళ్ళి ఉంటే గొంతులో దిగేది. బ్రష్షు కూర్చున్నప్పుడే నోట్లో ఉండాలి. లేస్తే తీసెయ్యాలి. నోట్లో పుల్ల పెట్టుకుని నడిచే వయసు కాదు వీళ్ళది."

"నేను పక్కనే ఉన్నానమ్మా. చెంబు కోసం..."

"చెంబు ముందే పెట్టుకోవాలి," అంది నర్సమ్మ. కోప్పడలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. తరవాత లైటు ముందు పళ్ళ మీదికి తిప్పింది. "ఇదిగో, చిగురు పక్కన తెల్ల గీత చూశారా? పుచ్చు ఇలాగే మొదలవుతుంది. పిల్లాడు తనంతట తాను తోముకున్నది ఆట. రెండు పూటలా పెద్దవాళ్ళు తోమాలి. పుండు మానగానే మొదలుపెట్టండి, ఒక్క పూట కూడా వదలకండి."

పుండు మానింది. బుడంకాయ్ నోరు మాత్రం మూతపడింది. ఆకుపచ్చ బ్రష్షు కనపడితే చాలు, రెండు చేతులతో నోరు కప్పుకునేవాడు. పాటకీ తెరవలేదు, అరటిపండుకీ తెరవలేదు. మెకానిక్‌ కిందికి రావడమే మానేశాడు. తనదీ తప్పని అనుకున్నట్టున్నాడు.

ఇప్పుడు అందరూ ఒకటే. ఎవరికీ తెరవడు. సెలూనాయన కోరుకున్నది అదే కదా అని లోపలెవరో అడిగారు. ఆయన కొడుకు నిద్రపోతుండగా పక్కన కూర్చున్నాడు. ఈసారి జుట్టు చూడలేదు. పెదవి కాస్త ఎత్తి ఆ తెల్ల గీత వైపు చూశాడు.

* * *

నెలాఖరు రోజున మెకానిక్ సెలూన్‌కి వచ్చాడు. అంతకు ముందు ఎప్పుడూ రాలేదు, గడ్డం సొంతంగానే గీసుకునేవాడు. కుర్చీ ఖాళీగా ఉంది. వచ్చి కూర్చున్నాడు.

"గడ్డం చెయ్యన్నా. రేపు గది ఖాళీ చేస్తున్నా. కంపెనీవాళ్ళు వేరే ఊళ్ళో కొత్త బిల్డింగుకి వేశారు."

సెలూనాయన తెల్ల గుడ్డ కట్టాడు. నురగ పూశాడు. బ్లేడు మార్చాడు. ఏ మొహాన్ని తలుచుకుని రెండు నెలలుగా ఉడికిపోయాడో ఆ మొహం ఆయన చేతుల్లో ఉంది. ఏ గొంతు "ఈ" అంటే తన కొడుకు నోరు తెరిచాడో ఆ గొంతు మీద కత్తి ఉంది. కత్తి కింద ఆ గొంతు నిశ్చింతగా ఉంది. మెకానిక్ కళ్ళు మూసుకున్నాడు.

"మీ చేతిలో తల పెడితే నిద్రొచ్చేస్తోందన్నా."

సెలూనాయన వాడి గడ్డం కింద రెండు వేళ్ళు ఆనించాడు. తల వెనక్కి వాలింది.

"బుడంకాయ్‌కి నేనేం నేర్పలేదన్నా," అన్నాడు మెకానిక్ కళ్ళు తెరవకుండానే. "ఒట్టు. నా మోకాలి పక్కన వచ్చి కూర్చునేవాడు. నన్ను చూస్తున్నాడని మొదట్లో నేనూ మురిసిపోయాను. కాదు. అద్దంలో వాడి పళ్ళు వాడు చూసుకునేవాడు. 'ఈ' అంటే అవి కనపడతాయి కదా, అందుకే అనేవాడు. నన్నసలు చూసేవాడే కాదు. ఒకసారి నేను అద్దానికి అడ్డం వచ్చానని నన్ను తోసేశాడు."

కత్తి ఆగింది.

సెలూనాయన తల ఎత్తాడు. ఎదురుగా గోడంతా అద్దం. అందులో వెనక్కి వాలిన ఒక మొహం, దాని వెనక తను. ఇరవై రెండేళ్ళుగా తను నిలబడ్డ చోటు అదే. ఒక్క మనిషికీ ఎదురుగా వెళ్ళి కత్తి పెట్టలేదు. ఏడాది పిల్లల్ని కూడా తల్లి ఒళ్ళో అద్దం వైపు కూర్చోబెట్టి, వెనక నుంచే చేసేవాడు. అదే ఆ తల్లులన్న మంత్రం. తన కొడుకు దగ్గరికి మాత్రం ప్రతిసారీ ఎదురుగా, మొహానికి మొహం ఆనించి, చేతిలో పుల్ల పట్టుకుని వెళ్ళాడు.

"అన్నా, అయిపోయిందా?"

"ఇంకా లేదు," అన్నాడు సెలూనాయన. "ఇంకో చెంప ఉంది."

ఆ రోజు గడ్డానికి డబ్బు తీసుకోలేదు. థాంక్స్ కూడా చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాడు. కానీ వాడు వెళ్ళిపోతున్నాడన్నప్పుడు లోపల కలిగిన హాయి ఇంకా తగ్గలేదు, ఆ హాయి మీద నిలబడి థాంక్స్ ఎలా చెబుతాడు?

మెకానిక్ వెళ్ళేటప్పుడు మేకు మీది అద్దం అక్కడే వదిలేశాడు, బుడంకాయ్‌కి ఉంటుందని. సాయంత్రం సెలూనాయన దాన్ని చూశాడు. తీసి పారేయలేదు. గోడవైపు తిప్పిపెట్టాడు.

* * *

రెండు రోజులు సెలవు కోసం చూశాడు. ఇంకా మూడు రోజులుంది. ఒక్క పూట కూడా వదలకండి అన్న నర్సమ్మ మాట చెవిలో ఈగలా తిరుగుతోంది. మూడో రాత్రి, "ఇవాళా తెరవలేదురా" అని తల్లి చెప్పింది.

మరుసటి ఉదయం కుర్చీలో పేపరు తాత ఉన్నాడు. ఒక చెంప అయింది. రెండో చెంపకి నురగ పూశాడు. గోడ గడియారం ఎనిమిదిన్నర చూపించింది. బుడంకాయ్ ఈపాటికి లేచి, పాలు తాగి, అరుగు మీద కూర్చుని ఉంటాడు.

"ఇరవై నిమిషాలు తాతా. ఇప్పుడే వచ్చేస్తా."

"ఏంటయ్యా, సగం గడ్డంతో..."

అప్పటికే చేతి అద్దం చంకలోకి, షట్టర్ సగానికి వెళ్ళిపోయాయి.

ఇంటికి వచ్చి ముందు చెంబు నింపి పక్కన పెట్టుకున్నాడు. గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. కొడుకుని ఒళ్ళో, వీపు తన పొట్టకి ఆనేలా కూర్చోబెట్టుకున్నాడు. వాడి రెండు చేతుల్లో అద్దం పెట్టాడు. బ్రష్షు తీయలేదు. "ఈ" అనమని అడగలేదు.

బుడంకాయ్ అద్దంలో చూశాడు. ముక్కు చూసుకున్నాడు. వెనక ఉన్న మీసాల మొహం కూడా చూశాడు. చాలాసేపటికి, నెమ్మదిగా పెదాలు విడదీశాడు.

"ఈ..."

ఆయన వాడి గడ్డం కింద రెండు వేళ్ళు ఆనించాడు. తల వెనక్కి, తండ్రి రొమ్ము మీదికి వాలింది. గింజంత పేస్టుతో బ్రష్షు పక్కనుంచి వచ్చింది. చిగురు దగ్గర, తెల్ల గీత మీద, చంటిపిల్లల మెడ దగ్గర జుట్టు తీసేంత తేలిగ్గా.

"ముందు అయింది. ఇప్పుడు సైడ్లు సార్," అన్నాడు ఆయన తెలియకుండానే. "కదలకండి సార్. ఇప్పుడు వెనకాల."

బుడంకాయ్‌కి నవ్వొచ్చింది. నవ్వితే నోరు ఇంకా తెరుచుకుంది. పన్నెండు కాదు, పద్నాలుగు. రెండు కొత్తవి వచ్చాయి. ఈసారి వాటిని మొదట చూసింది తండ్రే.

మిగిలిన నురగ తడిగుడ్డతో తుడిచాడు. అద్దం కాస్త పక్కకి తిప్పి, "బాగుందా సార్?" అని అడిగాడు.

బుడంకాయ్ అద్దంలో తనని చూసుకుని, వెనక మొహాన్ని వేలితో చూపించి, "మామ" అన్నాడు.

సెలూనాయన గుండెలో మళ్ళీ అదే చురుకు.

"మామ కాదురా. నాన్న."

"మామ ఈ," అన్నాడు వాడు మొండిగా.

"సరే," అన్నాడు ఆయన. "రేపు కూడా వస్తాను. చూద్దాం."

తిరిగి సెలూన్‌కి వెళ్ళేసరికి పేపరు తాత చెంప మీద నురగ ఎండి పెచ్చులు కట్టింది. ఆ ఇరవై నిమిషాలూ సగం గడ్డంతో కూర్చుని ఆయనేం ఆలోచించాడో, ఆ మాట ఎవరి నోట పుట్టిందో ఇక చెప్పక్కర్లేదు.

* * *

మాట ఫ్యాక్టరీ దాకా వెళ్ళింది. భార్య ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతూనే నవ్వడం మొదలుపెట్టింది.

"ఇవాళ ఏం విన్నానో తెలుసా? నువ్వు అద్దంలోంచి నా మీద నిఘా పెడుతున్నావట!"

"ఎవరన్నారు?"

"ఎవరన్నా ఏంటి? ఎనిమిదిన్నరకి నేను ఓవెన్ ముందు చెమటలు కక్కుతుంటాను. పొద్దున్నే ఐదున్నరకి ఫ్యాక్టరీ వ్యాను వీధి చివర హారన్ కొట్టి మరీ నన్ను ఎక్కించుకుంటుంది. ఇంతమందిలో ఒక్కరి చెవికీ ఆ హారన్ వినపడలేదా?" నవ్వు ఆపుకుని దగ్గరికి వచ్చింది. "పళ్ళు తోమడానికి వస్తున్నానని చెప్పేయొచ్చుగా?"

"చెబితే ఎందుకు మొదలైందని అడుగుతారు."

"చెప్పు."

"రెండేళ్ళవాడి నోటి కోసం లిఫ్టు మెకానిక్‌తో పోటీపడ్డానని చెప్పనా? అంతకంటే అనుమానం మొగుడన్న పేరే మేలు."

ఆవిడ కుళాయి దగ్గరికి వెళ్ళింది. మేకు మీద అద్దం గోడవైపు తిరిగే ఉంది. దాన్ని వేలితో తట్టింది. "ఇది ఇలాగే ఉంచుతావా?"

"ఉండనీ."

"రోజూ కొట్టు నుంచి ఆ పెద్దద్దం మోసుకొస్తావు గానీ, చేతికందేదాన్ని ఇటు తిప్పవు."

"అది వాడిది," అన్నాడు సెలూనాయన.

ఇప్పుడు బుడంకాయ్‌కి పదహారు పళ్ళు. తెల్ల గీత ఇంకా పెరగలేదని నర్సమ్మ అంది. అద్దంలో చూస్తూ వాడు కొన్ని రోజులు "నాన్న ఈ" అంటాడు, కొన్ని రోజులు "మామ ఈ" అంటాడు. నాన్న అన్న రోజు సెలూనాయన తిరిగి వచ్చేటప్పుడు షట్టర్ పెద్ద చప్పుడుతో పైకి లేస్తుంది. మామ అన్న రోజు నెమ్మదిగా లేస్తుంది. ఆ తేడా చూసి కుర్చీల్లోవాళ్ళు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుంటారు. ఇవాళ వాళ్ళిద్దరూ దొరికారేమో అని ఒకరు, దొరకలేదేమో అని ఒకరు. పేపరు తాత మాత్రం అన్నీ తెలిసినవాడిలా పేపరు చాటునుంచి, "మేడమీదవాడు సామాన్యుడు కాదర్రా" అంటాడు.

మేడమీద గది మెకానిక్ ఖాళీ చేసింది ఒకటో తారీఖున. సెలూన్ షట్టర్ మొదటిసారి సగానికి దిగింది నాలుగో తారీఖున.